నడి వాకిలికి గడియ

మా ఇంటికీ అత్త వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో ఒక తలుపు ఉంది. మా ప్రాంతంలో తలుపును వాకిలి అంటారు కాబట్టి రెండిళ్ళలోనూ దాని పేరు నడి వాకిలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దానికి గడియ లేదు, గొళ్ళెం లేదు. చేతిలో ఏదైనా ఉంటే భుజంతో నెట్టి అటు వెళ్ళేదాన్ని.

కొండ మీది సామికి కావడి మోసే ఆడి కృత్తిక పండుగకు పన్నెండు రోజుల ముందు, ఒక గురువారం పొద్దున, అలాగే నెట్టాను. రాలేదు. చెక్క ఉబ్బిందేమో అనుకున్నాను, కానీ వానలు లేవు. రెండోసారి గట్టిగా నెడితే అవతల ఇనుము కదిలిన చప్పుడయింది. కొత్త గడియ. మా వైపు గడప మీద నా నోటు పుస్తకం ఒకటి పెట్టి ఉంది. అంగడిలో పొట్లాలకు కట్టే దారంతో నాలుగు వైపులా కట్టి, పైన ముడి వేసి ఉంది. అత్త వాళ్ళింట్లో మరిచిపోయి వచ్చిన పుస్తకాన్ని తెచ్చి పెట్టిందనుకుని, తీసి సంచిలో వేసుకున్నాను. ఆ రెండింటినీ కలిపి చూడాలని నాకు తోచలేదు. ఇప్పుడు వరుసగా రాస్తుంటే ఒకదాని పక్కన ఒకటి ఎంత తేటగా కనిపిస్తున్నాయో. ఆ పొద్దున మాత్రం నాకు ఏమీ అర్థం కాలేదు.

అత్త మాకు చుట్టం కాదు. మేము నేత వాళ్ళం. వాళ్ళు వ్యాపారస్తులు. తిరుత్తణి కొండ కింద వాళ్ళకు కర్పూరం, పసుపు, కుంకుమ అమ్మే అంగడి ఉంది. మా రెండిళ్ళ మధ్య పెళ్ళిళ్ళు జరిగే వీలు లేదు. అయినా ఆమె నాకు అత్త, ఆమె భర్త మామ. మా తాత పోయినప్పుడు పదకొండు రోజులూ మా అన్నం వాళ్ళ పొయ్యి మీదే ఉడికింది. వాళ్ళింట్లో పొంగలి పెడితే మొదటి గిన్నె నడి వాకిలి దాటి మా వంటింట్లోకి వస్తుంది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. స్నేహం అంటే మాట చాలదు, చుట్టరికం అంటే అబద్ధం.

ఇది ఎలా మొదలైందో రెండు కథలున్నాయి. మా నాయన చెప్పే కథలో, ఒక వానాకాలం వాళ్ళ గోడ కూలిపోతే మా తాత తన గోడను పంచుకోమన్నాడు, రాకపోకలకు తలుపు కూడా పెట్టించాడు. మామ చెప్పే కథలో, నూలు దొరకక మా మగ్గం ఆగిపోయిన రోజుల్లో మామ తండ్రి మా ఇంటికి బియ్యం పంపేవాడు, వీధిలో నలుగురూ చూస్తే మా తాతకు చిన్నతనంగా ఉంటుందని గోడకు తలుపు కొట్టించాడు. రెండు కథల్లోనూ తలుపు ఒకటే. ఇచ్చినవాళ్ళే మారతారు. మా ఇంట్లో పుట్టినందువల్ల నేను మొదటి కథనే నమ్ముతూ పెరిగాను.

ఆడి కృత్తికకు రెండిళ్ళకూ కలిపి ఒకే కావడి. కొయ్య, దాని మీద వంచి బిగించిన చట్రం మా ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉంటాయి. రెండు కొసలకూ కట్టే నెమలి ఈకల కట్టలు వాళ్ళింట్లో పాత పంచెలో చుట్టి ఉంటాయి. ఒక ఏడు నాయన మోస్తాడు, ఒక ఏడు మామ. ఎవరి వంతయితే వాళ్ళింటికి అవతలి ఇంటి సగం నడి వాకిలి గుండా వెళుతుంది. ఈ ఏడు మామ వంతు కాబట్టి కొయ్య అటు వెళ్ళాలి. కొయ్య లేకుండా వాళ్ళు కొండ ఎక్కలేరు. ఈకలు లేకుండా మేము ఎక్కలేము. మా తాతా మామ తండ్రీ ఎందుకలా పంచిపెట్టారో నాకు ఆ పన్నెండు రోజుల్లోనే కొంచెం అర్థమయింది.

అత్త నగరి నుంచి కోడలుగా వచ్చింది. అక్కడ ఆమె తెలుగు బడిలో చదువుకుంది. మా వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారు, కానీ చదివేది, రాసేది తమిళం. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, నాయన చదివే పేపరు తమిళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, పసుపు పొట్లాలు కడుతూ అత్తే నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. పసుపు చల్లిన పళ్ళెంలో వేలితో రాయించేది. వాళ్ళకు పిల్లలు లేరు. నేను రాసిన మొదటి మాట చూసి ఆమె మామను అంగడి నుంచి పిలిపించింది. మామ వచ్చి చూసి, "దీనికా పిలిచినావు?" అని వెళ్ళిపోయాడు.

పదో తరగతి నుంచి నేను డైరీ రాస్తున్నాను, తెలుగులో. మా ఇంట్లో ఎవరూ చదవలేరు కాబట్టి. నలుగురి ముందు నోరు తెరవలేని దాన్ని, పుస్తకంలో మాత్రం ఏదీ దాచను. తెలుగు అక్షరాలు నాకు తాళం వేసిన పెట్టెలా ఉండేవి. తాళం చేసిచ్చిన మనిషి గోడ అవతలే ఉందన్న సంగతి ఒక్కసారైనా గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. కానీ అదే నిజం. అత్త చదవడం నేను చూసేది ఉగాదికి పంచాంగం మాత్రమే. మిగతా ఏడాదంతా ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. మాట్లాడే మనిషి చదువుతుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు నేను తిరువళ్ళూరులో ఎం.ఏ. రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. రోజూ తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కి అరక్కోణం మీదుగా పోయి రావాలి. ఈ సెమిస్టరులో మా మేడం నాకు ఇచ్చిన సెమినార్ అంశం, జంట దేశాల మధ్య ఉండే ప్రత్యేక సంబంధాలు. పేరు వినగానే సులభం అనుకున్నాను. చదివే కొద్దీ తికమక ఎక్కువయింది. బ్రిటన్, అమెరికా తమది ప్రత్యేక సంబంధం అంటాయి, కానీ ఆ మాటను పదే పదే తలుచుకునేది బ్రిటనేనని ఒక చోట చదివాను. స్విట్జర్లాండ్ సైనికులు ఒకసారి దారి తప్పి పక్కనున్న లిక్టన్‌స్టైన్‌లోకి నడిచి వెళ్ళిపోతే, స్విట్జర్లాండే చెప్పేదాకా ఆ చిన్న దేశానికి తెలియలేదట, తెలిశాక కోపమూ రాలేదట. మనకూ నేపాల్‌కూ మధ్య పాస్‌పోర్టు లేకుండా నడిచి పోవచ్చు. అలాగని అక్కడ అలకలు లేవా అంటే ఉన్నాయి. భూటాన్‌తో మన పాత ఒప్పందంలో, విదేశీ వ్యవహారాల్లో వాళ్ళు మన సలహా ప్రకారం నడుచుకుంటారని ఒక వాక్యం ఉండేది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ వాక్యం తీసేసి, సహకరించుకుంటారని రాసుకున్నారు. సంబంధం అలాగే ఉంది, వాక్యం మారింది. మరి ముందు ఆ వాక్యం ఎందుకు కావలసి వచ్చింది? తీసేశాక ఏం తగ్గింది? నాకు తెలియలేదు.

ఇవన్నీ నేను చదివింది అత్త వాళ్ళ మధ్య గదిలో. మా ముందు గదిలో రెండు పవర్‌లూములున్నాయి. నాయన పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీకి పోతాడు, మగ్గాలు చూసుకునేది అమ్మ. అవి ఆడుతుంటే మా ఇంట్లో మాటలు చేతి సైగలే. అమ్మ వాటిని ఆపేది పగలు ఒక్కసారి, సాయంత్రం నాలుగింటికి. అప్పుడు అత్త నడి వాకిలి నెట్టుకుని వచ్చి, "ఏంమే, కాఫీ లేదా?" అంటుంది. అమ్మ మగ్గం ఆపి, రెండు గ్లాసులు పెడుతుంది. ఇద్దరూ గడప మీద కూర్చుని తాగుతారు. ఇది నేను పుట్టినప్పటి నుంచీ ఉంది.

గడియ పడిన రోజు నాలుగయింది. అత్త రాలేదు. మగ్గం ఆగలేదు. ఆరింటిదాకా ఆడింది. అమ్మ మధ్యలో లేచి రెండు గ్లాసులు కడిగి, మళ్ళీ బోర్లించి పెట్టింది.

సాయంత్రం నాయన వచ్చాక అమ్మ అడిగింది.

"నాకు తెలీకుండా వాళ్ళతో సండ గిండ, కొట్లాట ఏమన్నా వచ్చిందా?"

"నాకు ఆయమ్మతో సండెందుకు వస్తాది? పగలంతా నేనుండేది పట్టాభిరామ్‌లో. నువ్వే ఏమన్నా అని ఉంటావు."

"నేనా? ఈ మగ్గం చప్పుట్లో నేను అన్నా ఎవురికి ఇనబడతాది?"

నాయన గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఆయనకి మోకాలు నొప్పి ఉండాది. ఈ తూరి కావడి మొయ్యలేడు. ఆ మాట చెప్పుకోలేక గడియ ఏసుకున్నారు."

"మోకాలికీ గడియకీ ఏంది సంబంధం?"

"నాకేం తెలుసు? నువ్వడిగితివి, నేను చెప్తి."

"పోయి అడిగి రా మళ్ళా."

"వాళ్ళు గడియ ఏసుకుంటే నేను పోయి అడగాల్నా? వంతు వాళ్ళది. కొయ్య కావాలంటే వాళ్ళే వస్తారు."

వాళ్ళు రాలేదు. అవతల వాళ్ళూ ఇదే అనుకుంటూ ఉంటారని నాకు అనిపించింది. కొయ్య ఇవ్వాల్సింది వాళ్ళు గదా, వాళ్ళే తెస్తారు, అని. పుస్తకాల్లో చదివిందంతా మా దూలం కింద జరుగుతోంది, అయినా దాన్ని ఎలా చదవాలో నాకు తెలియడం లేదు.

శనివారం కాలేజీ నుంచి వస్తూ నేరుగా కొండ కిందికి, అంగడికి వెళ్ళాను. మామ భోజనానికి పోయినప్పుడు అత్త కూర్చుంటుందని తెలుసు. అడగాల్సిన మాటను రైల్లో నాలుగు రకాలుగా మనసులో రాసుకున్నాను. అత్త నన్ను చూసింది. ముందున్న భక్తులకు కుంకుమ కట్టి ఇచ్చి, నా వైపు తిరిగింది.

"ఏం కావాలమ్మా?"

నాకు నాలుగు రకాలూ పోయాయి. "కర్పూరం" అన్నాను.

కట్టి ఇచ్చింది. "ఇంకేమన్నా?"

"ఏం లేదు అత్తా."

"సరి. పోయి రండి."

రండి అంది. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను మే అంది, పాపా అంది, కోపం వస్తే దయ్యమా అంది. ఎప్పుడూ మర్యాద ఇవ్వలేదు. బయటికి వచ్చి చెప్పుల దగ్గర నిలబడిపోయాను. భోజనం చేసి వస్తున్న మామ నా చేతిలో పొట్లం చూశాడు.

"ఏంమే పాపా, ఇంట్లో కర్పూరం లేకనా అంగడికి వచ్చినావు?"

"మామా, ఆ గడియ..."

"కొట్టమన్నాది, కొట్టినా."

"ఎందుకని అడగలేదా?"

"ముప్పై ఏండ్లుగా నన్నడిగి ఏం చేసింది, ఇప్పుడు నేను అడిగేదానికి? నువ్వే అడిగి నాకు చెప్పు. రెండు దినాలుగా కూరలో ఉప్పు లేదు. ఉప్పేదంటే, పక్కింట్లో అడుక్కోని రాపో అంటా ఉండాది."

సోమవారం సెమినార్. నేను కాగితం వైపే చూస్తూ తమిళంలో చదివాను.  పెద్ద దేశం చిన్న దేశానికి ఏమిస్తుంది, రక్షణ, రోడ్లు, సలహా, అన్నీ వరుసగా చెప్పాను.  ముగించాక మా మేడం తమిళంలోనే అడిగారు. "పెద్ద దేశం ఏం ఇస్తున్నానని అనుకుంటుందో బాగా చెప్పావు. చిన్న దేశం తాను ఏం ఇస్తున్నానని అనుకుంటుంది? అది ఎక్కడ చదివావు?"

ఎక్కడా చదవలేదు. చదవాలని కూడా తోచలేదు. తెలియదు మేడం అన్నాను. తెలుసుకుని రాసివ్వు అన్నారు.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. మేడం ప్రశ్నను డైరీలో రాసుకుందామని సంచిలోంచి పుస్తకం తీశాను. దారం ఇంకా అలాగే ఉంది. ఆ నాలుగు రోజులూ ఏం రాయాలో తెలియక విప్పలేదు. పంటితో ముడి లాగి తెరిచాను.

మొదటి పేజీ మూలన పసుపు. బొటనవేలి గుర్తు. పొట్లాలు కట్టే చేతికి ఎన్నిసార్లు కడిగినా గీతల్లో మిగిలే పసుపు. రెండో పేజీ మూలన కూడా. మూడో పేజీ, పదో పేజీ. నేను రైల్లో మల్లెపూలు అమ్మే ఆమె గురించి రాసిన పేజీ, మా తాత చివరి రోజుల గురించి రాసిన పేజీ. తాత పేజీలో రెండు గుర్తులున్నాయి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివినట్టు. కడంబత్తూరు దాటేసరికి పేజీలు తిప్పడం ఆపేశాను. ఎందుకంటే తర్వాత ఏ పేజీ వస్తుందో నాకు తెలుసు.

ఆ పేజీలో నేను రాసింది ఇది. "మా రెండిళ్ళూ అలాంటి జంట దేశాలే. మాది పెద్దది, వాళ్ళది చిన్నది. తాత గోడ పంచుకోనివ్వకపోతే వాళ్ళు ఈ వీధిలో ఉండేవాళ్ళు కారు. అత్త రోజూ నాలుగింటికి ఖాళీ చేతులతో వాకిలి దాటి వస్తుంది, కాఫీ తాగి పోతుంది. ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు, అయినా అమ్మ పోస్తూనే ఉంటుంది. చిన్న దేశాలకు అడగడం అలవాటవుతుందేమో."

ఆ పేజీ మూలన పసుపు ఉంది. తర్వాతి పేజీ మూల తెల్లగా ఉంది. ఆ తర్వాతవన్నీ తెల్లగానే ఉన్నాయి.

అరక్కోణంలో రైలు ఎంతసేపు ఆగిందో తెలియదు. ఆ మాటలు రాసినప్పుడు నాకు వాటిలో చెడు ఏమీ కనిపించలేదు. తెలివైన పోలిక దొరికిందని సంతోషపడ్డాను కూడా. రాసింది వాళ్ళ మధ్య గదిలో కూర్చుని, వాళ్ళ ఫ్యాన్ కింద.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ ఏమంటుందో తెలుసు. నేను చెప్పాల్సింది అత్తకు, కానీ ఏమని? రాసింది అబద్ధమని చెప్పాలా? రాసినప్పుడు నిజమనే అనుకున్నాను. నిజమే గానీ రాయకూడదని చెప్పాలా? అది ఇంకా అన్యాయం. మూడు రోజులు కాగితాల మీద క్షమాపణలు రాశాను. ప్రతి దానిలోనూ ఒక పెద్ద దేశం కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. చించేశాను. రోజూ నాలుగయ్యేది. మగ్గం ఆగేది కాదు. అమ్మ ఆ వారంలో చిక్కినట్టు కనిపించింది, లేదా నేను మొదటిసారి సరిగ్గా చూశాను.

కృత్తికకు ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం, నేను స్టూలు వేసుకుని దూలం మీది కావడి కొయ్యను దించాను. ఎందుకు అప్పుడే అలా చేశానో చెప్పలేను. ఆలోచించి చేసిన పని కాదు. అమ్మ మగ్గం దగ్గర నుంచి చేత్తో ఏమిటని అడిగింది. నేను గోడ వైపు చూపించాను. ఆమెకు ఏం అర్థమయిందో, తల ఊపింది.

నడి వాకిలి మూసి ఉంది కాబట్టి వీధిలోంచి వెళ్ళాలి. పది అడుగులు కూడా లేదు. కానీ నేను పుట్టి పెరిగి ఒక్కసారి కూడా ఆ ఇంటికి వీధి వైపు నుంచి వెళ్ళలేదు. కొయ్య భుజం మీద, చట్రం తల మీదికి వంగి, ఎండలో నిలబడితే వీధంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఎదురింటి అక్క నిజంగానే చూసింది.

"ఏంమే, కృత్తిక ఇంకా రానే లేదు, ఇప్పుడే ఎత్తుకోని యాడికి పోతా ఉండావు? నీకు మొక్కుబడా?"

"ఊం" అన్నాను. బహుశా అది నిజమే.

తలుపు కొట్టాను. అత్త తీసింది. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు.

"రోడ్డు పక్క నించి వచ్చినావే, కొత్తగా."

"ఆ పక్క గడియ ఏసుండాది అత్తా."

"ఏసింది నేనే. తెలుసు." కొయ్య వైపు చూసింది. "మీ నాయన పంపించినాడా?"

"ఎవురూ పంపలా. నేనే తెచ్చినా."

"నువ్వేనా? రోడ్లో అందురూ చూస్తా ఉంటే?"

 భుజం నొప్పిగా ఉంది. దించుకోమని ఆమె అనలేదు. నేను దించలేదు.

"నా పుస్తకం నువ్వు చదివినావని సోమవారం తెలిసింది అత్తా."

"దొంగతనంగా చదవలా. అంగడి లెక్కల నోటనుకోని తీస్తి. తెరిస్తే తెలుగు. మా పాప ఇంత రాసిందా అని నాకు కడుపు నిండిపాయ. పూలామె గురించి రాసినావే, నగి నగి సస్తి. మీ తాతది చదివి ఏడిస్తి. అప్పురం, దానెనకాల, ఆ పేజీ వచ్చె."

"చిన్న దేశం అని రాసింది తప్పే అత్తా. నేను..."

"చిన్నదో పెద్దదో నాకేంటికిమే? నేనేమన్నా ఎలక్షన్లో నిలబడతానా? గోడ మీ తాతే ఇచ్చినాడనుకో, నాకేం నష్టం లేదు. ఖాళీ చేతుల్తో కాఫీకి వస్తానని రాసినావే."  పసుపు చేతులను ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "నాకు కాఫీ పడదుమే. పైత్యం. తాగిన ప్రతి దినం గుండె దడ."

 "మరి రోజూ..."

"నువ్వు మూడు నెల్ల బిడ్డవి. మీయమ్మ మగ్గం కాడ్నే కండ్లు తిరిగి పడె. అన్నం లేదు, నీళ్ళు లేవు, మగ్గం ఆపేది లేదు. కూసోమే అంటే కూసోదు. మా అత్త అప్పుడు బతికుండె. ఆమె చెప్పె నాకు, 'నువ్వు పోయి కాఫీ అడుగు, తనకోసరం ఆపదు గాని ఇంకొకరు అడిగితే ఆపతాది ఆయమ్మ' అని. పోయి అడిగితి. ఆపె. ఆ పొద్దు నించి అడుక్కుంటానే ఉండా."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. నేను కొయ్యను ఇంకో భుజానికి మార్చుకున్నాను. మేడం అడిగిన ప్రశ్నకు జవాబు నా ముందు నిలబడి ఉంది, దాన్ని ఏ పుస్తకంలో చూపించాలో తెలియదు.

"అమ్మకి చెప్పినావా ఎప్పుడన్నా?"

"చెప్తే ఇంకేమన్నా ఉండాదా? 'నా కోసరం నువ్వు కష్టపడొద్దు' అని ఆ పొద్దే నిలిపేస్తాది. నువ్వూ చెప్పొద్దు. రాయనూ రాయొద్దు." అంతలోనే మాట మార్చింది. "రాస్తే రాసుకో. నేను తప్ప ఎవురు చదవతారు?"

నవ్వాలో వద్దో తెలియలేదు. "ఆ పేజీ చించేస్తాను అత్తా."

"చించొద్దు. రాసింది రాసినట్టుండనీ. కింద చోటుంటే ఇంకోటి రాయి."

అప్పుడు కొయ్యను లోపలికి తీసుకుంది, లేదా తీసుకోవాలని చూసింది. ముందు నడవలో రెండు వైపులా పసుపు కొమ్ముల బస్తాలు. కొయ్య లోపలికి వచ్చింది గానీ చట్రం మలుపు తిరగలేదు. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. నిలబెడితే చట్రం గడపకు తగిలింది. ఇన్నేళ్ళూ ఆ కొయ్య ఈ దారిన రాలేదు కాబట్టి, రాదన్న సంగతి ఇద్దరికీ తెలియదు. అత్త విసుక్కుంది.

"ఇది ఈ పక్క తిరగదు. పో, ఆ పక్క తే."

నేను మళ్ళీ వీధిలోంచి కొయ్య మోసుకుని ఇంటికి వెళ్ళాను. ఎదురింటి అక్క, "ఏం, సామి ఒద్దన్నాడా?" అంది. నడి వాకిలి ముందు నిలబడ్డాను. ఆమె ఎంతకూ రాలేదు. నన్ను ఆట పట్టిస్తోందా, మనసు మార్చుకుందా, చేతులు కడుక్కుంటోందా, తెలియదు. నాకు చాలాసేపు అనిపించింది, నిజంగా ఎంతసేపో చెప్పలేను. తర్వాత ఇనుము కదిలిన చప్పుడయింది. గడియ కొత్తది కాబట్టి గట్టిగా ఉంది, రెండు దెబ్బలు కొడితే గానీ రాలేదు. తలుపు తెరుచుకుంది. చట్రం ఎక్కడా తగలకుండా కొయ్య అటు వెళ్ళిపోయింది. కొయ్య మీద ఆమె చేయి పడిన చోట పసుపు అంటుకుంది.

నాలుగయింది. అత్త నడి వాకిట్లో నిలబడింది.

"ఏంమే, కాఫీ లేదా?"

మగ్గం ఆగింది. ఆ నిశ్శబ్దం వారం రోజుల తర్వాత విన్నాను. అమ్మ ఏమీ అడగలేదు, ఎక్కడికి పోయావనీ, ఎందుకు రాలేదనీ. ఇద్దరి మధ్యా అలా అడిగే అలవాటు లేదని అప్పుడు గమనించాను. అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, నేను గ్లాసులు తీయడానికి లోపలికి వెళ్ళినప్పుడు నా చెవిలో అంది.

"పావం, ఆయమ్మకి కాఫీ అంటే ప్రాణం. వాళ్ళింట్లో ఆయనకి టీ తప్ప ఏదీ పడదు. నాకు పని చెడినా పరవాలేదని ఆమె కోసరమే ఆపతా ఉండా, ఇన్నేండ్లుగా. ఇన్ని దినాలు ఎట్ల ఉండిందో."

నేను గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. గడప మీద అత్త, పొయ్యి దగ్గర అమ్మ. నేను ఒక్క మాట చెబితే ఇద్దరికీ మేలు జరుగుతుందా, ఇద్దరికీ ఉన్నది పోతుందా? ఇప్పటికీ నాకు తెలియదు. ఏ దేశం పెద్దదో తెలియదు, మా ఇంటి కథ నిజమో, వాళ్ళ ఇంటి కథ నిజమో తెలియదు. డైరీలో ఆ పేజీ కింద నాలుగు గీతల చోటు ఉంది. మామ మోకాలికి పట్టీ కట్టుకుని మోయగా, నాయన వెనక నుంచి పట్టుకోగా, కృత్తిక నాడు కావడి కొండ ఎక్కింది. ఆ చోటు మాత్రం ఇంకా అలాగే ఉంది. నడి వాకిలికి గడియ కూడా ఉంది. వేయడం లేదు, ఊడదీయనూ లేదు. మామను అడిగితే, "తీయమనలా" అన్నాడు.

తలుపు తెరుచుకున్న ఆ సాయంత్రం అత్త గ్లాసు ఖాళీ చేసింది. లేస్తుందనుకున్నాను. అమ్మ అప్పటికే మగ్గం వైపు చూస్తోంది. అత్త నా వైపు ఒకసారి చూసి, గ్లాసును అమ్మ ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యిమే. ఇన్ని దినాలది బాకీ ఉండాది."

అమ్మ నవ్వి, మళ్ళీ పొయ్యి వెలిగించింది. పాలు కాగేదాకా, అత్త రెండో గ్లాసు నెమ్మదిగా ఊదుకుని తాగేదాకా, మగ్గం ఆగే ఉంది.